గిన్నెలన్నీ నేనే కడుగుతున్నాను

ప్రశ్న: నా వయసు 23. ఉద్యోగం కోసం మొదటిసారి ఇల్లు వదిలి, ఇద్దరు అమ్మాయిలతో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాను. వాళ్లిద్దరూ ముందునుంచే స్నేహితులు. గిన్నెలు సింకులో వదిలేస్తారు, అర్ధరాత్రి దాకా ఫోన్లో గట్టిగా మాట్లాడతారు. ఏమైనా అంటే ఏమనుకుంటారోనని టెన్షన్. అమ్మకు మాత్రం బాగున్నాననే చెబుతున్నా. ఆరు వారాలకే రోజూ ఏడుపొస్తోంది. తిరిగి వెళ్లిపోనా?

జవాబు: ఆరు వారాలుగా ఒక్క మాటా అనకుండా నెట్టుకొచ్చారంటే ఎంత అలసిపోయి ఉంటారో అర్థమవుతోంది. ఏడుపొస్తోందని సిగ్గుపడకండి. పగలంతా పనిలో పడి మరిచిపోయిన బెంగ, సాయంత్రం గదికి రాగానే మీద పడుతుంది. కొత్తలో చాలామందికి ఇలాగే ఉంటుంది.

ఇంట్లో అయితే ముఖం చూసి ‘ఏమైందమ్మా’ అని అడిగేవాళ్లున్నారు. ఇక్కడ అలా కనిపెట్టేవాళ్లు లేరు. మీరు కిమ్మనకుండా కడిగేస్తుంటే, ‘తనకు శుభ్రం ఎక్కువ, ఇష్టంగానే చేస్తోంది’ అని వాళ్లు అనుకుంటూ ఉండొచ్చు. తిన్న వెంటనే కడిగేసే ఇల్లు మీదైతే, అన్నీ పోగేసి పొద్దున కడిగే ఇళ్లు వాళ్లవేమో. మీ మనసులో ఆరు వారాల లెక్క ఉంది, వాళ్ల దగ్గర ఆ లెక్కే లేదు. రేపెప్పుడో మీరు ఒక్కసారిగా అరిస్తే వాళ్లు నిజంగానే బిత్తరపోతారు.

అందుకే ఈ వారాంతంలో, ముగ్గురూ తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడండి. ఒళ్లు మండుతున్నప్పుడు వద్దు. మెసేజ్ అసలే వద్దు, మామూలు మాట కూడా అందులో దెప్పినట్టు కనిపిస్తుంది. ‘మీరెప్పుడూ ఇంతే’ అనకుండా, ‘రోజూ కడగడం నా వల్ల కావట్లేదు, ఎవరివి వాళ్లం పడుకునేలోపు కడిగేసుకుందామా?’ అని అడగండి. ‘పదకొండు దాటాక ఫోన్లో కాస్త మెల్లగా మాట్లాడతారా, నాకు నిద్ర పట్టట్లేదు’ అని కూడా. అసలు కష్టం ఆ తర్వాత ఉంది: మర్నాడు సింకులో వాళ్ల గిన్నెలు కనిపించినా మీరు ముట్టుకోకూడదు. మీవి మీరు కడుక్కుని వచ్చేయండి. కడిగారా, మాట్లాడిందంతా వృథా.

వాళ్లిద్దరి మధ్య చోటు దొరకలేదని కుంగిపోకండి. ఒకే ఇంట్లో ఉండటానికి ప్రాణస్నేహం అక్కర్లేదు, మాట మీద నిలబడితే చాలు. మనసు విప్పి మాట్లాడే స్నేహితులు బయట దొరుకుతారు.

నోరు తెరిచి అడగకముందే వెళ్లిపోవడం మాత్రం నాకు నచ్చలేదు. రెండు నెలలు చూడండి. అప్పటికీ మారకపోతే ఇల్లు మారండి, ఉద్యోగం వదులుకోనక్కర్లేదు. ఈలోగా అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉందో, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలో చూసి పెట్టుకోండి. ఏడుపుతో పాటు నిద్ర, ఆకలి కూడా దెబ్బతిని, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌ను కలవడానికి వెనకాడకండి.

ఈ రాత్రి అమ్మ ఫోన్ చేసినప్పుడు ‘బాగున్నాను’ అనకండి. ‘కొంచెం కష్టంగా ఉందమ్మా, సర్దుకుంటున్నా’ అనండి.