ఇఫ్ పక్కన విల్ గురించి: ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు కథ చదివాను. అనంతపురం మెట్టపొలం గట్టున నిలబడి తల్లి ‘ఇఫ్ ది రెయిన్ విల్ కమ్, వి విల్ సో’ అంటుంది (సో అంటే ఇక్కడ విత్తడం). వేరుశనగ వేయాలా వద్దా అని ఆకాశం వైపు చూసే మనిషి అనవలసిన మాటే అది, కాని ఇంగ్లీషు వాళ్ళు అలా అనరు. జరగబోయే సంగతే అయినా ఇఫ్‌తో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ వర్తమానంలోనే ఉంటుంది. భవిష్యత్తు భారమంతా ప్రధాన వాక్యంలోని విల్ మీదే పడుతుంది. కనుక ‘ఇఫ్ ది రెయిన్ కమ్స్, వి విల్ సో’ అని దిద్దుకో. మన చేదర్థకానికి, అంటే షరతు చెప్పే క్రియారూపానికి, కాలభేదం లేదు. ‘పడితే’ అన్న రూపం ‘వేస్తాం’ ముందూ, ‘వేసేవాళ్ళం’ ముందూ మార్పు లేకుండా ఇమిడిపోతుంది కాబట్టి, అక్కడ కాలం ఎంచుకోవలసిన అవసరం మనకు ఎన్నడూ రాలేదు.

కథకుడికి ఆ ఎంపిక చాలా విలువైనది. అదే తల్లి ‘ఇఫ్ ది రెయిన్ కేమ్, వి వుడ్ సో’ అంటే, అక్కడ కేమ్ గడిచిన కాలాన్ని చెప్పదు, ఆమెకు ఆశ సన్నగిల్లిందని చెబుతుంది. తెలుగులో అయితే ‘వాన పడితే కదా!’ అని నిట్టూర్చేది. కమ్స్ అన్నప్పుడు మాత్రం విత్తనాల మూట ఇంకా గడప దగ్గరే సిద్ధంగా ఉన్నట్టు. నీ కథ సగానికి వచ్చేసరికి ఆమె ఒక రూపం నుంచి మరో రూపానికి మారితే, ఆమె నిరాశను వర్ణించడానికి నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టివేయవచ్చు (అది నాకు మొదటినుంచీ నచ్చలేదు).

రెండు వైపులా వర్తమానమే వాడితే మరో అర్థం వస్తుంది. ‘ఇఫ్ ది రెయిన్స్ ఫెయిల్, ది మెన్ గో టు బెంగళూర్’ అన్నప్పుడు అది ఈ ఏటి మాట కాదు, ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి నడుస్తున్న రివాజు. అక్కడ విల్ పెడితే ఈ ఒక్క ఏటి సంగతిగా కుదించుకుపోతుంది.

అయితే కనిపించిన ప్రతి విల్‌నూ పీకెయ్యకు. ‘ఐ డోంట్ నో ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అన్నచోట అది షరతు కాదు, పడుతుందో లేదో అన్న సందేహం. ఆ విల్ ఉండవలసిందే. ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్’ అన్నది మర్యాదగా సమ్మతి అడగడం. అన్‌లెస్‌లో ‘కాకపోతే’ అన్న అర్థం ముందే ఉంది గనుక దాని వెంట నాట్ వద్దు.

విత్తనాల కొట్టు గుమాస్తా మాటల్లో ఉన్న విల్ అలాగే ఉంచు. అతను నిజంగానే ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, అతని ఇంగ్లీషు అంతే. తల్లి మాత్రం పొలంలో తెలుగే మాట్లాడుతోంది, అదీ తప్పు లేని తెలుగు. ఆమె నోట తప్పుడు ఇంగ్లీషు పెట్టే హక్కు మనకు లేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి