స్ట్రోక్ పాత్‌వే ఫారాలు నింపుతున్నా వార్డులో మార్పు లేకపోతే

స్ట్రోక్ పాత్‌వే అంటే స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన రోగికి ఏ పని ఎప్పుడు, ఎవరు చేయాలో ముందే రాసిపెట్టుకున్న ప్రణాళిక. దాని ఫారాలు నింపుతున్నా మీ వార్డులో మార్పు రాలేదని, వాటితో పాటు పాత కేస్ షీట్ కూడా నడుస్తోందని అన్నారు కదా, అసలు సమస్య అదే అయ్యుంటుంది. ఒకే విషయం రెండుసార్లు రాయమంటే రెండోది మొక్కుబడిగానే నింపుతారు.

1. డాక్టర్, నర్సు, ఫిజియోథెరపిస్ట్ అందరూ ఒకే రికార్డులో రాయాలి. పాత్‌వేలో ఉన్నది మళ్లీ కేస్ షీట్‌లో వద్దు.

2. చాలామంది వదిలేసేది తేడాల నమోదు. అనుకున్న పని సమయానికి జరగకపోతే ఏం జరగలేదు, ఎందుకు, బదులుగా ఏం చేశారు అన్నది రాయాలి. ఉదాహరణకు, రోగికి నోటితో ఏదైనా ఇచ్చేముందు మింగగలరో లేదో పరీక్షించాలి. అది ఆలస్యమైతే గడి ఖాళీగా వదలకండి. "రాత్రి షిఫ్టులో శిక్షణ పొందినవారు లేరు" అని రాస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.
రోగి పరిస్థితిని బట్టి డాక్టర్ పాత్‌వే దాటి వెళ్లడం తప్పు కాదు, కారణం రాస్తే చాలు. ఈ మాట సిబ్బందికి గట్టిగా చెప్పండి. తిట్లు పడతాయన్న టెన్షన్ ఉంటే ఎవరూ నిజం రాయరు.

3. ఆ తేడాలను నెలకోసారి అన్ని విభాగాలూ కలిసి చూడాలి. ఒకే కారణం పదే పదే వస్తే డ్యూటీ రోస్టరో, పాత్‌వేనో మార్చాలి.

4. డిశ్చార్జ్ రోజే మందుల వివరాలు, ఫాలోఅప్ తేదీ తర్వాత చూసే ప్రాథమిక వైద్యులకు చేరాలి.