ట్యాంకు సంగతి చూశాకే మందు కలుపు తల్లీ

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ ఏడు చేను నువ్వే చూసుకుంటానన్నావని, పత్తి పూత రాలకుండా ప్లానోఫిక్స్ కొడదామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల రాజాం వెళ్లి, మందు పేరూ శాతమూ చదివి మరీ తెచ్చుకుందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బెట్ట తగిలితే పత్తిలో పెరుగుదలకి పనికొచ్చే ఆక్సిన్ అనే హార్మోను తగ్గి, రాలిపోయేలా చేసే ఇథిలీన్ పెరుగుతుంది. తొడిమ దగ్గర పొర విడి, గూడ (లేత మొగ్గ), పూత రాలిపోతాయి. ప్లానోఫిక్స్‌లో ఉన్నది ఆక్సిన్ లాంటి మందే, 4.5 శాతం. అది రాలడాన్ని తగ్గిస్తుంది కానీ, నీళ్లు లేని లోటు తీర్చదు. వాడిపోయి తలలు వేలాడేసిన చేను మీద కొట్టకు. ఒక తడి ఇచ్చి, మొక్క తేరుకున్నాక, సాయంత్రం పూట కొట్టు.

4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 3.5 మి.లీ. సిరంజితో కొలువు, మూతతో కాదు. ఇంకాస్త పోస్తే ఇంకాస్త నిలుస్తుందని ఎవరైనా అంటే వినకు. మోతాదు మించితే ఆకులు వంకర్లు పోతాయి, నిలవాల్సిన పిందె కూడా రాలుతుంది. పురుగుమందుతో కలపొద్దు.

ఇక నాకు నిద్ర పట్టకుండా చేసిన సంగతి. మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు.

నువ్వు హాస్టల్లో ఉన్న రోజుల్లో, ఇలాగే గూడ రాలుతోందని మీ నాన్న ప్లానోఫిక్స్ తెచ్చాడు. కొలతలో తేడా లేదు, నేను పక్కనే ఉన్నాను. మన ట్యాంకు పాడైందని పక్క ఊరి వాళ్ల దగ్గర అరువు తెచ్చాడు. అంతకు ముందు వాళ్లు దాంతో వరిలో 2,4-డి కలుపు మందు కొట్టారట. మీ నాన్న నీళ్లతో ఒకసారి తొలిచి పని మొదలెట్టాడు. వారం తిరిగేసరికి కొత్త చిగుళ్లలో అరచేయంత ఉండాల్సిన ఆకు సన్నగా, వేళ్లు సాగదీసినట్టు వచ్చింది. ఈనెలన్నీ ఒక్కచోటికి చేరి, పట్టుకుంటే గరుగ్గా తగిలేది. వైరస్ అనుకున్నాడు. మందు మీద మందు కొట్టాడు. చివరికి వ్యవసాయాధికారి గట్టు మీద నిలబడి, ఏ మందు కొట్టావని కాదు, ట్యాంకు ఎవరిదని అడిగాడు.

2,4-డి కూడా ఆక్సిన్ జాతి మందే తల్లీ. పత్తికి దాని ఆనవాలు తగిలినా చాలు. పైపులోనో నాజిల్లోనో మిగిలిన తడి చేను మొత్తాన్ని పాడు చేసింది. ఆ సీజనంతా మీ నాన్న గట్టు మీదకి వెళ్లడం, కూర్చోవడం, తిరిగి రావడం. మీ అమ్మ పిలిస్తే గానీ అన్నానికి లేచేవాడు కాదు. నీ ఫీజు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం కానివ్వలేదు. ఆ డబ్బు ఎక్కడ తెచ్చాడో నేనూ అడగలేదు. ఇప్పుడు నువ్వు ట్యాంకు గురించి అడిగితే మాట దాటేస్తాడు. గుచ్చి గుచ్చి అడగకు.

కాబట్టి కలుపు మందుకు వేరే ట్యాంకు, పత్తికి వేరే ట్యాంకు. కడిగాం కదా అన్న ధీమా వద్దు. పక్క మడిలో ఎవరైనా 2,4-డి కొడుతుంటే గాలి ఎటు వీస్తోందో చూసుకుని, వెళ్లి మాట్లాడు. మొహమాటపడ్డావో, నేనే వచ్చి నిన్ను తిడతాను.

అక్టోబరు వస్తే నాకు భయమే. 2014లో హుద్‌హుద్ వానకి నీళ్లు నిలిచిన చేలల్లో ఏ హార్మోనూ పనిచేయలేదు. వేరుకి గాలి అందకపోతే పైన ఏం కొట్టి ఏం లాభం? ముందు కాలువ తీయించు. నీళ్లు దిగాక లీటరుకి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కొట్టు, ఆకు మళ్లీ పచ్చదనం పుంజుకుంటుంది. ఏపుగా పెరిగిన చేనుకి, ఎదుగుదల తగ్గించే మెపిక్వాట్ కొట్టమంటారు. బెట్టలో ఉన్న చేనుకి దాని జోలికి పోకు.

మందు చిట్టీ ఫోటో తీసి నాకు పంపు, మా ఊరి రైతు సేవా కేంద్రంలో కూడా ఒకసారి చూపిస్తాను. శనివారం బొబ్బిలి నుంచి వచ్చే బస్సులో కొత్త ట్యాంకు పంపుతున్నాను. దాని మీద నీ పేరు పెయింటుతో రాయించాను. ఎవరడిగినా ఇవ్వకు, నేనడిగినా సరే.

మీ పెదనాన్న