కార్జం మీద నీటి బుడగలు

ప్రశ్న: మా పట్టణంలో ఆదివారం పూట దుకాణం ముందే మేకను కోసి అమ్ముతారు. కిందటి వారం కార్జం మీద తెల్లని నీటి బుడగలు కనిపించగా, దుకాణదారు ఆ భాగాన్ని కోసి కుక్కలకు విసిరి, మిగిలినది తూచి ఇచ్చాడు. కళ్లెదుట కోసిన మాంసానికి భయం లేదంటున్నాడు. నమ్మవచ్చునా?

జవాబు: కళ్లెదుట కోసినందువల్ల మాంసం తాజాదని మాత్రమే తెలుస్తుంది, ఆ జీవానికి రోగం లేదని తెలియదు. ఆ సంగతి తేల్చవలసినవాడు పశువైద్యుడు. దొమ్మ (ఆంత్రాక్స్) వంటి రోగమున్న జీవాన్ని కోస్తే ఆ క్రిములు నేలకూ, కోసేవారి చేతి గాయాలకూ అంటుకుంటాయి గనుక మొదటి పరీక్ష ప్రాణమున్నప్పుడే జరగాలి. కోసిన తరువాత కార్జం, ఊపిరితిత్తులు, ప్లీహం, గ్రంథులు చూసి, బాగున్న మాంసానికే ముద్ర వేస్తారు. మున్సిపాలిటీ పరిధిలో గుర్తింపు పొందిన కబేలాలోనే జీవాలను కోయాలని 2001 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పరీక్ష మొక్కుబడిగా సాగకూడదనే ఒక వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి చూడరాదని కూడా అవే నిర్దేశించాయి.

ఇక మీరు చూసిన బుడగలు. ఇవి చాలావరకు బద్దెపురుగుల పిల్లదశ తిత్తులు. వీటిలో హైడాటిడ్ అనే రకం మనిషికి ప్రమాదకరం. ఉడికించిన కార్జం తిన్నందువల్ల ఆ జబ్బు రాదు కాబట్టి మీరు ఆందోళన పడనక్కరలేదు. నన్ను కలవరపెడుతున్నది కుక్కలకు విసిరిన ఆ ముక్క. పచ్చి తిత్తిని తిన్న కుక్క పేగుల్లో కొద్ది మిల్లీమీటర్ల పురుగులు పెరిగి, వాటి గుడ్లు మలంతో బయటపడి, మట్టి, నీరు, ఆకుకూరల ద్వారా మన నోటికి చేరతాయి. అప్పుడు మనిషి కార్జంలోనూ ఊపిరితిత్తుల్లోనూ అవే తిత్తులు ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరిగి, కొన్నిసార్లు ఆపరేషన్ దాకా తెస్తాయి. వీధిలో కుక్కలతో ఆడుకునే పసిపిల్లలను తలచుకుంటే ఈ నిర్లక్ష్యాన్ని క్షమించబుద్ధి కాదు. అటువంటి అవయవాన్ని కాల్చివేయాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి.

దుకాణంలో 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు కనబడేలా ఉన్నదా, మాంసం మీద ముద్ర ఉన్నదా చూడండి. లేకపోతే మున్సిపల్ కమిషనర్‌కు, జిల్లా ఆహార భద్రత అధికారికి తేదీ, స్థలం, వీలైతే ఫొటోతో సహా లిఖితంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. మీ పట్టణంలో కబేలాయే లేకపోతే, దానిని కట్టించమని వార్డు కౌన్సిలర్‌ను నలుగురూ కలిసి అడగండి.