మూడో సూదితో కథ ముగించకు

చిరంజీవి సుధకి,

నీ కథ చదివాను. వీరయ్య కుట్టుమిషను దగ్గర కూర్చునే తీరు బాగుంది. కానీ చివరికొచ్చేసరికి ఒళ్లు మండింది. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి మూడో డోసు హెపటైటిస్ బి టీకా వేసి, "ఇక నీకు ఢోకా లేదు" అంటాడు డాక్టరు. అంత ధీమా ఎక్కణ్ణించి వచ్చిందమ్మా ఆయనకి? పైగా ఆ సూది పిరుదుకి వేయించావు. భుజానికి వేస్తారు, పిరుదుకి వేస్తే సరిగ్గా పట్టదు.

టీకా వేసినంత మాత్రాన యాంటీబాడీలు పుట్టవు. వాటిని తయారుచేసే బి కణాలకు సీడీ4 అనే తెల్ల రక్తకణాల సాయం కావాలి. హెచ్‌ఐవీ కాజేసేది వాటినే. అందుకే మామూలు మూడు డోసులు వీళ్లలో చాలామందికి చాలవు. చివరి డోసు పడ్డాక ఒకటి రెండు నెలలకు రక్తం తీసి యాంటీ-హెచ్‌బీఎస్, అంటే ఈ జబ్బుని అడ్డుకునే యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ యూనిట్లు ఉండాలి. వీరయ్య రిపోర్టులో 4 వచ్చిందనుకో. బస్సు దిగి ఇంటికెళ్లి పెళ్లాంతో ఏమంటాడు? నీ కథ అక్కడ మొదలవ్వాలి.

వెనకటికి ఒక వారపత్రిక ఎడిటరు నా సీరియల్‌లో హెచ్‌ఐవీ కుర్రాణ్ణి చంపమన్నాడు, "బతికితే పాఠకులు ఏడవరండీ" అని. నేను చంపనన్నాను. సీరియలే ఆపేశాడు, అచ్చయిన భాగాలకు డబ్బులూ ఎగ్గొట్టాడు. ఇప్పుడేమో అందరికీ ఆశావహ ముగింపులు కావాలి. అప్పుడైనా ఇప్పుడైనా ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగే ఓపిక ఎవడికీ లేదు.

ఆశే కావాలంటే నిజంగానే ఉంది. డోసు 20 మైక్రోగ్రాముల నుంచి 40కి పెంచి మళ్లీ వేస్తారు. రోగనిరోధక శక్తిని తట్టిలేపే సీపీజీ అనే పదార్థం కలిపిన కొత్త టీకా కూడా వచ్చింది. పాత టీకా పట్టని హెచ్‌ఐవీ రోగులకు అది మూడు డోసులు వేస్తే 99 శాతం మందికి రక్షణ వచ్చిందనీ, పాతదే మళ్లీ వేస్తే 81 శాతమేననీ 2024లో ఒక పరిశోధన తేల్చింది.

ఇంకోటి. టీకాకి ముందు హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరీక్ష, అదే హెపటైటిస్ బి ఒంట్లో ముందే ఉందేమో చూసేది, చేయించావా? జబ్బు ముందే ఉంటే టీకా దండగ. అతను హెచ్‌ఐవీకి మింగే టెనోఫోవిర్, లామివుడిన్ మాత్రలు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రెండు వైరస్‌ల మీదా పనిచేస్తాయి. రెండు జబ్బులూ ఉన్నవాడు పండక్కి ఊరెళ్లి మాత్రలు మానేస్తే హెపటైటిస్ బి తిరగబెట్టి కాలేయం మీదకి వస్తుంది.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు తిరగరాయి. ఈసారి టైపు చేయించి పంపు, నీ చేతిరాతకి నా కళ్లు సహకరించడం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు