డీబీఎస్ బ్యాటరీ: చార్జింగ్ పెట్టుకునేదా, మామూలుదా?

తమ్ముడూ, అమ్మకు పార్కిన్సన్స్‌కని (వణుకుడు రోగం) డీబీఎస్, అంటే మెదడుల సన్నటి తీగలు పెట్టి, ఛాతీల చర్మం కింది బ్యాటరీ పెట్టె (స్టిమ్యులేటర్) నుంచి కరెంటు ఇచ్చేది, పెట్టించి మూడేండ్లయింది, బ్యాటరీ అయిపోవచ్చింది, ఈసారి చార్జింగ్ రకం వేయించాల్నా, చార్జింగ్ అక్కరలేని మామూలుదేనా అని అడిగినవ్. నువ్వు హైదరాబాద్‌ల ఉంటవ్, అమ్మ నల్లగొండ దగ్గర ఊర్ల ఒక్కతే అని కూడా రాసినవ్. మాది అచ్చంపేట వైపు. మా నాయినకు నాలుగేండ్ల సంది చార్జింగ్‌దే ఉంది.

మూడేండ్లకే అయిపోయిందని కంగారుపడకు. మెదడులోని తీగకు సెకనుకు దాదాపు 130 సార్లు, ఒక్కోసారి 60 మైక్రోసెకన్లు కరెంటు పోతది. కూడితే సెకనుల ఎనిమిది మిల్లీసెకన్లు కూడా కాదు, కానీ రాత్రీ పగలూ ఆగదు. మిగతావన్నీ అట్లనే ఉంచి వోల్టేజీ 2 నుంచి 3కు పెంచితే బ్యాటరీ వాడకం రెండింతలు దాటుతది. మార్చే ముందు డాక్టర్‌ను అడుగు: పల్స్ వెడల్పు (ఒక్కోసారి కరెంటు పోయే ఆ మైక్రోసెకన్లు) తగ్గించో, కాంటాక్ట్ (తీగ మీద కరెంటు బయటికొచ్చే చోటు) మార్చో ఇదే గుణం రాబట్టొచ్చా అని. బ్యాటరీ మిగులుతదని మీ అంతట మీరు రాత్రిళ్లు ఆఫ్ చెయ్యొద్దు.

చార్జింగ్ రకం మోడల్‌ను బట్టి 15 ఏండ్ల దాకా కూడా వస్తది, మాటిమాటికి ఆపరేషన్ ఉండదు. కానీ పని ఇంట్లోళ్ల మీద పడుతది. మా నాయిన ఆదివారం, బుధవారం పొద్దున చాయ తాగి మంచం మీద ఒరుగుతడు. మా అమ్మ ఆయన పల్చటి బనీను మీదనే చార్జర్ బిళ్లను ఛాతీలోని పెట్టెకు సరిగ్గా ఎదురుగ పెట్టి బెల్టు బిగిస్తది. చర్మం మీదికెల్లే, అయస్కాంత క్షేత్రంతోని లోపలి తీగచుట్టకు కరెంటు అందుతది. బిళ్ల కొంచెం జరిగిందా, చార్జర్ మీద సిగ్నల్ చూపే గీతలు తగ్గిపోతయి. మొదట్ల నాయిన ఒక్కడే పట్టుకుంటే చెయ్యి వణికి జరిగిపోయేది, రెండు గంటలైనా సగమే ఎక్కేది.

నిరుడు దేవరకొండల పెండ్లికి పోయి చార్జర్ ఇంట్లనే మర్చిపోయిన. మూడో రోజు సాయంత్రం స్టిమ్యులేటర్ ఆగింది. పది నిమిషాలల్ల కుడిచెయ్యి వణుకుడు మొదలై అన్నం ముద్ద నోటిదాకా పోలేదు. గోళీలు వేసుకున్నా ఆ రాత్రి మంచంల పక్కకు తిరగలేకపోయిండు. ఆ ముఖం నాకు ఇంకా యాదికొస్తది. అప్పటిసంది సగానికి రాకముందే పెడ్తున్నం.

అమ్మ ఒక్కతే అంటున్నవ్ కాబట్టి నేనైతే మామూలుదే వేయించమంట. మళ్ల కొన్నేండ్లకు మార్చాల్సి వచ్చినా ఛాతీలోని పెట్టె ఒక్కటే మారుస్తరు, మెదడు తీగల జోలికి పోరు. ఇంట్ల రోజూ ఉండే మనిషి దొరికితే మాత్రం, ముందు హాస్పిటల్‌ల డెమో చార్జర్ అడిగి అమ్మతోనే బెల్టు పెట్టించి చూడు.