ప్లగ్గు డూప్లికేట్ అయితే షాపు తప్పించుకోగలదా?

ప్రశ్న: మాది కావలి. నా పెట్రోలు కారుకు నెల్లూరులో ఒక స్పేర్‌పార్ట్స్ షాపులో నాలుగు ఇరిడియం స్పార్క్ ప్లగ్గులు (కొనకు ఇరిడియం అనే లోహం వాడినవి) రూ.2,600కు కొన్నాను. ఫోన్‌పేలో డబ్బు కట్టాను. బిల్లు అడిగితే తెల్లచీటీ మీద రాసిచ్చారు. మూడు వారాలకే ఇంజిన్ మిస్ కొట్టడం మొదలైంది. ఒకరోజు ఒంగోలు వెళ్తుంటే టకటకమని చప్పుడు చేసి బండి ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూస్తే రెండో సిలిండర్ ప్లగ్గుకు కింద వంపు తిరిగి ఉండే కొన విరిగి లోపల పడింది, పిస్టన్ దెబ్బతింది. ఇవి డూప్లికేట్ ప్లగ్గులని అతను చెప్పాడు. రిపేరుకు రూ.31,000 అయింది. షాపతను మాత్రం ‘ప్లగ్గులు తెచ్చివ్వండి, వేరేవి ఇస్తాను. ఇంజిన్‌తో నాకేం సంబంధం? నాకూ హోల్‌సేల్‌లో వచ్చిన సరుకే’ అంటున్నాడు. కేసు వేస్తే నిలుస్తుందా? ఇకముందు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందుగా, ఆ ప్లగ్గుల్ని షాపతనికి తిరిగి ఇవ్వకండి. వేరేవి ఇస్తానంటున్నాడు కదా అని ఇచ్చారంటే మీ కేసు అతని చేతిలో పెట్టినట్టే. నాలుగు ప్లగ్గులు, విరిగిన ముక్క దొరికితే ఆ ముక్క, ఖాళీ పెట్టెలు, తెల్లచీటీ అన్నీ విడివిడిగా కవర్లలో పెట్టి ఏది ఏ సిలిండర్‌దో పైన రాయండి. మసి పట్టి ఉంటే ఉండనివ్వండి, తుడవొద్దు. దెబ్బతిన్న పిస్టన్‌ను మెకానిక్ తుక్కులో వేసి ఉంటే ఈరోజే వెళ్లి తెచ్చుకోండి.

ఇక కేసు సంగతి. నిలుస్తుంది. హోల్‌సేల్ సరుకు అన్న మాట అతన్ని కాపాడదు సరికదా, ఒక రకంగా అతనికే ఎదురు తిరుగుతుంది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘ఉత్పత్తి బాధ్యత’ అనే అధ్యాయం ఉంది. అందులోని సెక్షన్ 86 ప్రకారం, వస్తువును తయారు చేసింది ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందించే వీలు లేకపోయినా, దాన్ని అమ్మినవాడే నష్టానికి బాధ్యుడు. డూప్లికేట్ ప్లగ్గు ఏ షెడ్డులో తయారైందో మీకెలా తెలుస్తుంది? తెలుసుకోవాల్సిన అవసరం మీకు లేదు. ఒరిజినల్ అని నమ్మబలికి అమ్మితే అదే సెక్షన్ కింద మరో ఆధారం దొరికినట్టే. ‘ఇంజిన్‌తో నాకేం సంబంధం’ అన్నది కూడా చెల్లదు. ఈ చట్టంలో ‘హాని’ అంటే ఆ వస్తువు పాడవడం కాదు, దానివల్ల మీ ఇతర ఆస్తికి జరిగిన నష్టం. ఇక్కడ వస్తువు ప్లగ్గు, ఇతర ఆస్తి మీ ఇంజిన్. ప్లగ్గుల ధర రూ.2,600ను లోపమున్న వస్తువు కింద విడిగా అడగండి.

బిల్లు ఇవ్వకపోవడం కూడా సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన చట్టం మారదు.

అయితే ఇలాంటి కేసులు పోయేది చట్టం లేక కాదు, రుజువు చాలక. మీరు నిరూపించాల్సినవి మూడు. ఈ ప్లగ్గులు ఆ షాపులోనే కొన్నారని, అవి నకిలీవని, ఇంజిన్ వాటివల్లే చెడిందని.

మొదటిదానికి బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే లావాదేవీ నంబరు, తెల్లచీటీ చాలు. క్యూఆర్ కోడ్ మీద షాపు పేరు కాకుండా ఇంట్లోవాళ్ల పేరు ఉండటం మామూలే. అప్పుడు షాపు బోర్డు ఫొటో తీయండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపు తన నంబరును బోర్డు మీద వేయాలని నిబంధన. ఆ నంబరుతో జీఎస్టీ వెబ్‌సైట్‌లో వెతికితే యజమాని అసలు పేరు, చిరునామా దొరుకుతాయి. నోటీసు ఆ పేరుకే పంపాలి. స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు దాఖలు చేస్తే అవి అసలైనవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయండి. వినియోగదారుల కమిషన్లు దాన్ని మరీ పట్టుబట్టి అడగవు గానీ, జత చేస్తే పోయేదేం లేదు.

రెండోదానికి మెకానిక్ మాట ఒక్కటే సరిపోదు. ప్లగ్గు పెట్టె మీద ఏ కంపెనీ పేరుందో ఆ కంపెనీ భారత్ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి. పెట్టె అన్ని వైపులా, ప్లగ్గు మీది నంబరు, మరలు, వాషర్, కొన దగ్గరగా ఫొటోలు తీసి పంపండి. ‘ఇది మా సరుకు కాదు’ అని వాళ్లు రాతపూర్వకంగా ఒక్క వాక్యం రాసినా పది మంది మెకానిక్‌ల మాట కంటే బరువు. అది రాకపోతే సెక్షన్ 38 కింద కమిషనే నమూనాను సీలు వేసి ల్యాబ్‌కు పంపవచ్చు. ల్యాబ్ ఫీజు ముందుగా మీరే కట్టాలి, రిపోర్టుకు 45 రోజుల గడువు. మూడు ప్లగ్గులు చెక్కుచెదరకుండా ఉన్నాయి కాబట్టి పరీక్షకు ఇబ్బంది లేదు.

మూడోదే అసలు చిక్కు. ఎదుటి లాయరు తప్పకుండా రెండు మాటలంటాడు. ప్లగ్గు మీ కారుకు సరిపోయే నంబరు కాదని ఒకటి, మెకానిక్ బిగించడంలో తప్పు చేశాడని రెండోది. వేడి తట్టుకునే రేంజి తప్పితే ఒరిజినల్ ప్లగ్గు కూడా ఇంజిన్‌ను చెడగొడుతుంది, ఆ వాదనలో బలముంది. అందుకే కారు మాన్యువల్లో ప్లగ్గు నంబరున్న పేజీ జత చేయండి. ఎన్‌జీకే కంపెనీ నంబర్లలో అంకె పెరిగితే చల్లని ప్లగ్గు (వేడిని త్వరగా వదిలేది), బాష్ కంపెనీలో అంకె పెరిగితే వేడి ప్లగ్గు (వేడిని నిలుపుకునేది). కంపెనీ మార్చి కొన్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. మెకానిక్ దగ్గర ఒక కాగితం రాయించుకోండి. ప్లగ్గులు వేసిన తేదీ, అప్పటి కిలోమీటర్ల రీడింగు, బండి ఆగినప్పటి రీడింగు, ఏ సిలిండర్, విరిగింది వెల్డింగ్ దగ్గరా మధ్యలోనా, టార్క్ రెంచి (బిగువును కొలిచి బిగించే స్పానర్) వాడాడా లేదా అన్నీ అందులో ఉండాలి. 14 మి.మీ. మర ఉన్న వాషర్ ప్లగ్గును అల్యూమినియం ఇంజిన్ హెడ్‌లో సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగువుతో వేస్తారు. టార్క్ రెంచి లేకపోతే చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపైన స్పానర్‌తో సగం నుంచి మూడింట రెండొంతుల చుట్టు. సన్న మర ప్లగ్గులకు బిగువు ఇంతకంటే తక్కువ. రిపేరు బిల్లులో పార్టులు, కూలీ విడివిడిగా ఉండాలి. ‘ఇంజిన్ పని 31,000’ అని గుత్తగా రాసిన బిల్లు కోత పడటానికే పనికొస్తుంది.

ఇవన్నీ చేతికొచ్చాక షాపు యజమానికి 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ వివరం దాచుకోండి. సరుకు ఎవరి దగ్గర కొన్నాడో బిల్లుతో సహా చెప్పమని అందులోనే అడగండి. చెబితే ఆ హోల్‌సేలర్‌నూ ప్రతివాదిగా చేర్చవచ్చు. చెప్పకపోతే సెక్షన్ 86 ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఫిర్యాదు నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. మీరుండే చోటే వేసుకోవచ్చని సెక్షన్ 34 చెబుతోంది కాబట్టి, సరుకు ఒంగోలులో కొన్నా చెన్నైలో కొన్నా మీకు నెల్లూరే. ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకు కట్టిన ధరను బట్టి లెక్కిస్తారు. రూ.5 లక్షల లోపు ఫీజే లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్లోనూ దాఖలు చేయవచ్చు. ప్లగ్గుల ధర, రిపేరు ఖర్చు, బండి తోలించుకున్న ఖర్చు, మనోవేదన, కేసు ఖర్చులు వేర్వేరుగా అడగండి. మనోవేదనకు లక్షలు రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ల్యాబ్ పరీక్ష లేకపోతే మూడు నెలల్లో, ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ ఆ లెక్క మీద ఆశ పెట్టుకోకండి. మధ్యవర్తిత్వానికి పంపుతామని కమిషన్ అడిగితే ఒప్పుకోండి. రిపేరు ఖర్చు పూర్తిగా వస్తే అక్కడితో తెగ్గొట్టుకోవడం మంచిది.

ఒక్క మెలిక. కారును మీరే నడుపుకుంటూ జీవనోపాధి కోసం ట్యాక్సీగా తిప్పుతున్నా మీరు వినియోగదారుడే. నలుగురు డ్రైవర్లను పెట్టి ట్రావెల్స్ నడుపుతుంటే ఈ దారి మూసుకుపోతుంది, సివిల్ దావాయే గతి.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. నకిలీ ట్రేడ్‌మార్కు సరుకు అమ్మితే ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 సెక్షన్ 104 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. కానీ వారెంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి కావాలి, ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రార్ అభిప్రాయం ముందే తీసుకోవాలి. పైగా అనుమానించే కారణం లేదని, తగిన జాగ్రత్త తీసుకున్నానని, సరుకు ఇచ్చినవాడి వివరాలు చెప్పానని షాపతను రుజువు చేసుకుంటే బయటపడతాడు. ఈ కేసులు ఎక్కువగా కంపెనీలే నడుపుతాయి. మీరు కంపెనీకి పెట్టే మెయిల్‌తోనే వాళ్లకు సమాచారం చేరుతుంది. మీ రూ.31,000 మాత్రం ఆ దారిలో రాదు.

ఇక కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరం ఉండాలి. కానీ పెట్టెను అచ్చు వేయడం వాళ్లకు సులువు, ప్లగ్గును దింపడమే కష్టం. అందుకే ప్లగ్గును చేతిలోకి తీసుకోండి. ఒరిజినల్ ప్లగ్గు మరలు ఒత్తి తీసినవి, గోరుతో రాస్తే నున్నగా జారతాయి. కోసి తీసిన మరల మీద గీతలు, పొరకలు తగులుతాయి. వాషర్‌ను వేళ్లతో తిప్పి లాగండి. కంపెనీ ప్లగ్గుకు అది తిరుగుతుంది గానీ ఊడి చేతికి రాదు, డూప్లికేట్‌కు మర మీదుగా దిగి వచ్చేస్తుంది. కింది వంపు కొన నడిమి ఎలక్ట్రోడ్‌కు (మధ్యలో ఉండే లోహపు కొనకు) సరిగ్గా ఎదురుగా ఉండాలి, ఒక పక్కకు ఒరిగి ఉంటే వద్దు. ఇరిడియం అయితే నడిమి కొన గుండుసూదిలా సన్నగా, 0.4 నుంచి 0.6 మి.మీ. ఉండి, కింద లేజర్ వెల్డింగ్ చుట్టు కనపడుతుంది. మామూలు నికెల్‌నే పెన్సిల్‌లా చెక్కి ఇరిడియం పేరుతో అమ్మేవి వస్తున్నాయి.

నంబరులో ‘ఆర్’ అక్షరమున్న రెసిస్టర్ ప్లగ్గులైతే మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్‌ల మీద పెట్టి, పై టెర్మినల్‌కూ నడిమి కొనకూ మధ్య చూడండి. సాధారణంగా ఐదు వేల ఓమ్‌లకు అటూ ఇటూగా చూపాలి. సున్నా చూపినా, అసలేమీ చూపకపోయినా వేయొద్దు. సన్న కొన మీద మీటరు ముల్లు గట్టిగా నొక్కకండి, విరుగుతుంది. లోపల రాగి కోర్ ఉందో లేదో మాత్రం బయటికి కనపడదు. అది లేకపోతే వేడి హెడ్‌లోకి దిగక కొన ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. వాడిన ప్లగ్గు పింగాణీ మీద, లోహం అంచున గోధుమరంగు చార కనిపిస్తే అది నకిలీ గుర్తు కాదు. ఒరిజినల్‌కూ వస్తుంది, దాన్ని పట్టుకుని షాపతనితో గొడవ పడకండి.

బిల్లు మీద ప్లగ్గు పూర్తి నంబరు రాయించుకోండి. బైకు ప్లగ్గు లాంటి రూ.200 లోపు సరుకుకు బిల్లు అక్కర్లేదని కొందరు షాపువాళ్లంటారు. మీరు అడగనంత వరకే ఆ మినహాయింపు, అడిగితే ఇవ్వాల్సిందే. ఆన్‌లైన్లో కొంటే, అమ్మినవాడి పేరు, చిరునామా చూపించాల్సిన బాధ్యత ఆ వెబ్‌సైట్‌దే. నకిలీ సరుకును వాపసు తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు.

ఫిర్యాదుకు గడువు నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లు. అంతవరకు ఆగకండి, మెకానిక్ షెడ్డు మారినా, షాపు బోర్డు మారినా సాక్ష్యం చేజారుతుంది. ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటే, నోటీసులో దాన్నీ రాయవచ్చు.